దొడ్డిదారి బావ

బావకి ఒకే ఒక్క పిచ్చి ఉండేది. ఏ కట్టడాన్నయినా సరే, వెనక నుంచే చూడాలి. కోట అయినా, కోర్టు అయినా, పోస్టాఫీసయినా ఆయనకి ఒకటే. ముందు నుంచుని నోరెళ్ళబెట్టి చూసేవాళ్ళని చూస్తే ఆయనకి జాలి. "పాపం, పెళ్ళికొడుకుని ఫోటోలో చూసి ముహూర్తం పెట్టేసుకున్నట్టుంది," అనేవాడు.

వృత్తికి ఆయన దర్జీ. దర్జీ చేతికి కోటు ఇస్తే మొదట ఏం చేస్తాడు? తిరగేస్తాడు. లోపలి అస్తరు చూస్తాడు, కుట్టుని గోటితో గీరతాడు, చంకల దగ్గర లాగి చూస్తాడు. ఆ తరవాతే తలెత్తి మాట్లాడతాడు. "పైగుడ్డ బొంకుతుంది. అస్తరుకి బొంకడం రాదు," అన్నది ఆయన సిద్ధాంతం. దాన్ని కోట్లకే పరిమితం చేసుంటే ఏ గొడవా లేకపోను. ఊళ్ళకి ఊళ్ళనే తిరగేసి చూడటం మొదలుపెట్టేసరికి చుట్టాలంతా ఆయనకి 'దొడ్డిదారి బావ' అని పేరు పెట్టుకున్నారు. పెట్టింది స్వయానా మరదలే.

మరదలు ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేసేది. మాట తక్కువ, చదువు ఎక్కువ. అందుకని బావ ఆమెని పేరుతో పిలవడం ఎప్పుడో మానేసి, "ఏమోయ్ లైబ్రరీ," అనేవాడు. ఏటా ఎండాకాలంలో పది రోజులు సెలవు పెట్టి, అక్కా బావలతో కలిసి రేవు పట్నం వెళ్ళేది. ఆ పట్నంలో చూడాల్సినన్ని పాత కట్టడాలూ, చిత్రాలూ ఉన్నాయి. వాటి మీద ఆమె దగ్గర అట్ట కూడా నలగని గైడు పుస్తకం ఉంది. అందులో నలభై రెండు బొమ్మలు. వెనక వైపుది ఒక్కటీ లేదు.

"చూశావా మరి," అన్నాడు బావ, మొదటి ఏడు ఆ పుస్తకం తిరగేసి. "ముందు వైపంతా ఇందులోనే ఉంది. ఉన్నదాని కోసం మళ్ళీ కాళ్ళరగదీసుకోవడం ఎందుకు? లేనిది చూద్దాం పద."

మరదలు పుస్తకం సంచీలో పెట్టుకుని ఆయన వెనకే నడిచింది.

గదుల సంగతి చూడాలంటూ ప్రతి ఏడూ బావ ఒక రోజు ముందే బయల్దేరి వెళ్ళేవాడు. అంత శ్రమపడి ఆయన తీసుకునే గది ఎలాంటిదో మొదటి ఏడు గదులు అద్దెకిచ్చే ఇంటావిడే మరదలికి చెప్పుకుని బాధపడింది.

"మేడ మీద గది ఖాళీగా ఉందన్నానమ్మా. కిటికీ తీస్తే సముద్రమే. సముద్రం వద్దన్నారు!"

"మరేం కావాలన్నాడు?"

"పెరట్లోకి తెరుచుకునే కింది గది ఉందా అన్నారు. అక్కడ నీళ్ళ తొట్టీ, బట్టలారేసే తీగా తప్ప ఏమీ కనబడవండీ అంటే, ఆహా, అదే ఇవ్వండి అన్నారు. మీ బావగారికి ఒంట్లో బాగానే ఉంటుందా?"

"ఒంట్లో బాగానే ఉంటుందండీ," అంది మరదలు.

మొదట చూసింది కస్టమ్స్ భవనం. గైడు పుస్తకంలో దానికి మూడు పేజీలు. పన్నెండు స్తంభాలు, అటొకటి ఇటొకటి రాతి సింహాలు, వెడల్పాటి మెట్లు. బావ వాళ్ళని సింహాల తోకలైనా కనపడనివ్వకుండా పక్క సందులోకి తిప్పాడు. తాళ్ళ గోదాము దాటి, తారు వాసన దాటి, ఒక ఎత్తయిన గోడ ముందు నిలబెట్టాడు. గోడ మీద నాలుగు రకాల ఇటుక. బూజుపట్టిన గొట్టాలు. ఒక చిన్న తలుపు.

"అదిగో," అన్నాడు, దేవుణ్ణి చూపించినట్టు. "ఆ కిటికీ పైన చూడు. కుట్టు వదిలేస్తే మాటు వేశారు. కింద చూడు, గుడ్డ చాలక వేరే తానులోంచి తెచ్చి అతికించారు. ఎప్పుడో తుఫానుకి చిరిగుంటుంది. ముందు వైపు నుంచుంటే ఈ సంగతి చస్తే చెబుతుందా ఇది?"

తలుపు తీసుకుని ఒక గుమాస్తా బయటికి వచ్చాడు. "ఎవరండీ మీరు? ఏం కావాలి?"

"మీ భవనం చూడ్డానికి వచ్చాం."

"చూడాలంటే ముందుకెళ్ళి చూడాలి."

"ముందు ఏముందండీ?"

గుమాస్తా కాసేపు ఆలోచించాడు. "నిజమే, ఏమోనండీ. ముప్ఫై ఏళ్ళుగా నేనూ ఇటునుంచే వస్తున్నా," అని లోపలికి వెళ్ళి రెండు ముక్కాలి పీటలు తెచ్చి వేశాడు. బావ ఒకటి చటుక్కున అక్క వెనక్కి జరిపాడు. అక్క కూర్చుంది. ఆ గోడని అరగంట చూశారు. గుమాస్తా కూడా నుంచుని చూశాడు. వెళ్ళేటప్పుడు, "చాలా బాగుందండీ, నేనెప్పుడూ గమనించలేదు," అని బావకి దణ్ణం పెట్టాడు.

చిత్రశాలలో ఇంకా రసాభాస అయింది. అక్కడ బావ కనిపెట్టిన వెనక దారి అంటే సరుకులు దింపే దారి. బళ్ళు ఎక్కడానికి వాలుగా కట్టిన గచ్చు. ముగ్గురూ ఆ వాలు మీద నెమ్మదిగా నడుస్తుంటే లోపల్నుంచి ఒకాయన కేకేశాడు, "ఏమయ్యా, ఇప్పుడా రావడం! పొద్దుట్నుంచీ చూస్తున్నాం. పట్టు, పట్టు!"

బావ మారుమాట్లాడకుండా పెట్టెకి ఒక కొస పట్టాడు. రెండో కొస మరదలి చేతికొచ్చింది. లోపల ఏదో పాలరాతి విగ్రహం తల. ఉత్త తలే అంత బరువుంటే మనిషంతా ఎంతుంటాడో అనుకుంటూ ఆమె పన్నెండు బారలు మోసింది. తీరా దింపాక వీళ్ళు కూలీలు కారని తెలిసి ఆ పెద్దమనిషి నొచ్చుకున్నాడు. బావ నొచ్చుకోలేదు. "విగ్రహం వెనక జుట్టు కూడా చెక్కారో లేదో చూడొచ్చాండీ?" అన్నాడు.

ఆ తరవాత హాల్లో ఒక పెద్ద చిత్రం ముందు కాపలావాడిని పట్టుకున్నాడు. "ఒక్కసారి దించి తిరగేసి చూపిస్తారా?"

"ఇది చొక్కా కాదండీ."

"చొక్కా కాదు సరే, గుడ్డేగా?"

"బావా," అంది మరదలు పళ్ళ బిగువున, "వీళ్ళు మనల్ని గెంటేస్తారు."

"గెంటితే ఎటునుంచి గెంటుతారు? వెనక నుంచే కదా. అదీ చూసినట్టుంటుంది."

గెంటలేదు. ఈ గోల విని, చిత్రాలు బాగుచేసే ముసలాయన పక్కగదిలోంచి బయటికొచ్చాడు. ఆయన చేతిలో చిరిగిన చిత్రం ఒకటుంది. దాని వెనక గుడ్డని ఎలా అతకాలా అని వారంగా తల పట్టుకున్నాడట. బావ జేబులోంచి భూతద్దం తీసి పోగులు చూశాడు, తను చొక్కా కాలర్లకి వేసే మాటు ఎలా వేస్తాడో చెప్పాడు. సాయంత్రం దాకా ఆ ఇద్దరూ లేవలేదు. అక్కకి కిటికీ పక్కన వాలుకుర్చీ దొరికింది. మరదలికి మాత్రం ఆ రోజు చిత్రాల ముఖాలు మూడో నాలుగో కనిపించాయి. వెనకలు పదిహేడు చూసింది. ఒకదాని వెనక ఆ చిత్రకారుడెవరో తన చాకలి పద్దు రాసుకున్నాడు. ముందున్న సూర్యోదయం ఆమెకి ఇప్పుడు గుర్తులేదు. నాలుగు పంచెలు, రెండు దుప్పట్లు మాత్రం గుర్తున్నాయి.

బావని ఓడించే అవకాశం మరదలికి మూడో ఏడు దొరికింది. లైట్‌హౌసు. గుండ్రంగా, తెల్లగా, ఒంటరిగా.

"బావా, దీనికి వెనక ఎటు?"

బావ ఆగాడు. చేతులు వెనక్కి కట్టుకుని దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. రెండోది చేశాడు. మరదలు పెదవులు బిగపట్టుకుని నవ్వు ఆపుకుంది. మూడోది చేసి వచ్చి గంభీరంగా చెప్పాడు.

"దీపం ఎవరికోసం? ఓడలవాళ్ళ కోసం. అంటే దీని మొహం సముద్రం వైపు. మనం ఊళ్ళోంచి వచ్చాం. ఊరి నుంచి కనిపించేదంతా దీని వీపే. చూసేశాం. నువ్వు కావాలంటే పైకెక్కి రా, మేం ఈ బెంచీ మీద కూర్చుంటాం."

మరదలు ఒక్కతే నూట నలభై రెండు మెట్లు ఎక్కింది. పైనుంచి చూస్తే కింద బెంచీ మీద ఇద్దరూ చిన్న చుక్కల్లా, భుజాలు ఆనించుకుని కనిపించారు. చిన్నప్పుడు మెట్లు రెండేసి చొప్పున దూకుతూ ఎక్కిన అక్క ఎంత నిదానించిపోయిందో అనుకుంది. ఈ వెనకదారి మొగుడితో కాపురం చేస్తే ఎవరైనా అంతే అని కూడా అనుకుంది.

నాలుగో ఏడు వాళ్ళు వెళ్ళేసరికి ఇంటావిడ ఒక కబురు చెప్పింది. పాత ఓడల కంపెనీ భవనం అమ్మేశారట. శనివారం నుంచి మూసేసి, హాలు కప్పు దింపేసి, లోపల అంతస్తులు వేస్తారట.

అక్క చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

గైడు పుస్తకంలో ఆ కప్పు బొమ్మ తపాలా బిళ్ళంత ఉంటుంది. కప్పు మీద సముద్రమంతా గీశారు. తెరచాపలెత్తిన పన్నెండు ఓడలు, మూలల్లో బుగ్గలు పూరించి ఊదుతున్న నలుగురు గాలిదేవుళ్ళు. బావ కుట్టే పిల్లల గౌన్ల మీద అక్క దారంతో ఓడలు అల్లేది. ఆ ఓడలన్నీ ఆ తపాలా బిళ్ళలోంచి దిగినవే. మరదలి దగ్గర ఆ పుస్తకం తీసేసుకుని నాలుగేళ్ళుగా ఆ పేజీ ఎంత చూసిందంటే, పుస్తకం ఎక్కడ తెరిచినా అక్కడికే తెరుచుకునేది. "ఒక్కసారి దీని కిందికెళ్ళి మెడ పట్టేసేదాకా చూడాలే. ఓడకి తాళ్ళు ఎన్నో లెక్కపెట్టాలి. ఇందులో కనబడి చావవు," అనేది.

"బావా, రేపే వెళ్దామా?" అంది మరదలు.

"ఆగు. దాని వెనక ఇంకా కుదరలేదు."

"వెనక కుదరడమేమిటి?"

"కొలతలు కుదరాలి," అని బావ తన కొలతల పుస్తకం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఛాతీలూ నడుములూ రాసుకునే పొడుగాటి పుస్తకం అది. సెలవుల్లో కూడా వదిలేవాడు కాదు. మంగళవారం వెళ్ళాడు, బుధవారం వెళ్ళాడు, గురువారం వెళ్ళాడు. పొద్దున వెళితే సాయంత్రానికి రావడం, "ఇంకా కుదరలేదు," అనడం. శుక్రవారం చివరి రోజు. ఆ రోజూ, "నేను వచ్చేదాకా కదలకండి," అని చెప్పి మరీ మాయమయ్యాడు.

పది గంటలకి మరదలికి ఓపిక చచ్చింది. "అక్కా, లే. పోదాం."

"ఆయన వచ్చాక..."

"వచ్చాక నీకు మురిక్కాలవ చూపిస్తాడు! ఆయన పిచ్చి ఆయన్ని పడనీ. నాలుగేళ్ళు పడ్డాను, ఏమైనా అన్నానా? ఈ ఒక్కటీ రేపటికి ఉండదే."

అక్క పుస్తకం తెరిచింది. అది ఎక్కడ తెరుచుకోవాలో అక్కడే తెరుచుకుంది. మూసేసి చెప్పులు వేసుకుంది. "పద."

తెల్లరాతి మెట్లు నలభై ఎనిమిది. ఎదురుగా నుంచుని చూస్తే మరదలికి కళ్ళు చల్లబడ్డాయి. నాలుగేళ్ళకి ఒక భవనం మొహం చూసింది! అక్క చెయ్యి పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టింది. అయిదో మెట్టు మీద అక్క, "ఈ కటకటాలు ఎంత బాగా పోతపోశారో," అని ఆగింది. ఎనిమిదో మెట్టు మీద మళ్ళీ ఆగింది, ఈసారి ఏమీ అనలేదు. తొమ్మిదో మెట్టు మీద కూర్చుండిపోయింది. పెదవులు నేరేడుపండు రంగుకి తిరిగాయి. శ్వాస చిన్నచిన్న ముక్కలుగా వస్తోంది.

"అక్కా!"

"కూర్చో. అరవకు. అయిదు నిమిషాల్లో సర్దుకుంటుంది. నాకు అలవాటే."

"అలవాటేమిటే?"

సర్దుకున్నాక అక్క మెల్లిగా చెప్పింది. "నాలుగేళ్ళ కిందట జ్వరం వచ్చింది చూడు..."

"తగ్గిపోయిందని ఉత్తరం రాశావుగా."

"జ్వరం తగ్గింది. పోతూ పోతూ గుండెని కాస్త పాడుచేసి పోయింది. పది మెట్లు మించి ఎక్కొద్దన్నాడు డాక్టరు."

"ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదే!"

"చెబితే? అమ్మ నన్ను మంచం దిగనిస్తుందా? కనిపించిన ప్రతివాళ్ళూ 'అయ్యో' అంటారు. ఆ 'అయ్యో' నాకు పడదే. ఎవరికీ చెప్పొద్దని మీ బావ దగ్గర ఒట్టు వేయించుకున్నా. వారం తిరక్కుండా ఈ అస్తరు సిద్ధాంతం మొదలెట్టారు. ఇదేం పిచ్చండీ, నలుగురూ నవ్వుతారు అన్నాను. నీకు ఓపిక లేదని తెలియడం కంటే నాకు మతి లేదని తెలియడం నయం కదా, నవ్వనీ అన్నారు."

గుమాస్తా తెచ్చిన పీట, చిత్రశాల వాలు గచ్చు, కిటికీ పక్కన వాలుకుర్చీ, లైట్‌హౌసు కింద బెంచీ, సముద్రం వద్దన్న గది, ఒకటి వెనక ఒకటి వచ్చి మరదలి ఎదురుగా నుంచున్నాయి. 'దొడ్డిదారి బావ' అని తను పెట్టిన పేరు కూడా వచ్చి వాటి పక్కన తలొంచుకుని నుంచుంది.

అంతలో భవనం మూల తిరిగి బావ పరిగెత్తుకుంటూ వచ్చాడు. కాలర్లో సూది గుచ్చి ఉంది. భుజం మీద దారాలు. సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే అంగుష్ఠానా కూడా తియ్యలేదు. గదికి వెళ్ళి, తాళం చూసి, అట్నుంచి అటే వచ్చినట్టున్నాడు. తొమ్మిదో మెట్టు మీద భార్యని చూశాడు. ఒక్క క్షణం ఆయన మొహం తిరగేసిన కోటులా అయిపోయింది, కుట్లన్నీ బయటికి కనిపిస్తూ. అక్క తల ఊపింది, ఫరవాలేదన్నట్టు. అంతే, మళ్ళీ పైగుడ్డ కప్పేసుకున్నాడు.

"ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని ఇటు? ముందు నుంచా రావడం? పదిమందిలో నా పరువేం కావాలి!"

మరదలు లేచి నుంచుంది. "తప్పయింది బావా. అక్క వద్దంటూనే ఉంది, నేనే లాక్కొచ్చా. ముందు వైపు ఇంత అన్యాయంగా ఉంటుందనుకోలేదు."

బావ ఆమె కళ్ళలోకి చూశాడు. ఆమె కూడా చూసింది.

"చూశావా మరి," అన్నాడు, గొంతు కాస్త తగ్గించి. "పెద్దవాళ్ళు చెబితే వినాలి. పదండి."

భవనం వెనక ఒకప్పుడు తేయాకు పెట్టెలు పైకి చేర్చిన లిఫ్టు ఉంది. రెండేళ్ళుగా దానికి తాళం. దాని ముందు నలుగురు కాపలావాళ్ళు కవాతుకి నుంచున్నట్టు నుంచున్నారు. కోట్లకి బొత్తాలన్నీ ఉన్నాయి, మెరుస్తున్నాయి కూడా.

"రండమ్మా," అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. "నాలుగు రోజులుగా మీ ఆయన మా ప్రాణం తీస్తున్నారు. ముందు మా నలుగురి కోట్లూ కుట్టి మంచి చేసుకున్నారు. తాళం మా దగ్గర లేదు, మేనేజరు గారి దగ్గరుంది అన్నాం. ఇవాళ పొద్దున్నే వెళ్ళి, మీ కోటు అస్తరు చిరిగిందండీ, చిటికెలో కుట్టిస్తానని విప్పించుకున్నారు. ఇక చూడండి! తాళమిస్తేనే కోటంటారు! మేనేజరు గారికేమో పన్నెండింటికి కొత్త యజమానులతో సమావేశం."

లిఫ్టెక్కి పైకి వెళ్ళేసరికి మేనేజరు కోటు లేకుండా ఉత్త చొక్కాతో నుంచుని ఉన్నాడు. "తాళం పంపించాను కదయ్యా. నా కోటేది?"

"అయిపోవచ్చిందండీ. మా ఆవిడ చూడటం అవ్వగానే చివరి కుట్టు వేస్తా," అన్నాడు బావ.

లిఫ్టు ఆగింది హాల్లోకి తెరుచుకునే వెనక వసారాలో. బావ అక్కడ పాత తెరచాప గుడ్డలు మడతలు పెట్టి పరుపులా పరిచి ఉంచాడు. అక్క దాని మీద వెల్లకిలా పడుకుంది. ఆమె మీద సముద్రమంతా తెరుచుకుంది. మరదలు పక్కన కూర్చుని, పైకి చూడటం కన్నా ఎక్కువగా అక్క మొహమే చూసింది.

కాసేపటికి అక్క వేలు పైకి చూపి లెక్కపెట్టింది. "ఏడు తాళ్ళే! నేను ఇన్నాళ్ళూ అయిదే అల్లుతున్నా. ఏమండీ, మన ఓడలన్నీ ఈపాటికి మునిగిపోయుంటాయి!"

"అవి తలకిందులుగా కనిపిస్తున్నాయమ్మా," అన్నాడు మేనేజరు, కోటు లేక ఇబ్బందిగా చేతులు కట్టుకుని. "ముందు మెట్ల వైపు నుంచి చూస్తేనే సవ్యంగా ఉంటాయి."

"సవ్యంగా అందరూ చూశారండీ," అన్నాడు బావ. "తలకిందులుగా చూసింది మా ఆవిడొక్కతే."

అక్క నవ్వింది. ఊపిరి ఆడనంత కాదు, ఆడేటంతే నవ్వింది. మేనేజరు కోటు ఆయనకి పన్నెండుకి అయిదు నిమిషాల ముందు చేరింది. అస్తరు కొత్తది. అది చూసుకుని ఆయన తాళం వెనక్కి అడగడం మరిచిపోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు సందులో అక్క ముందు నడుస్తుంటే మరదలు వెనకపడి మెల్లిగా అంది, "బావా, నాకంతా తెలిసిపోయింది."

"ఏం తెలిసింది?"

"అస్తరు సిద్ధాంతం."

బావ వేలికున్న అంగుష్ఠానా తీసి జేబులో వేసుకున్నాడు. "మొదట అబద్ధంగానే మొదలెట్టానోయ్ లైబ్రరీ," అన్నాడు. "ఒకటి రెండు గోడలకి అలవాటైపోయింది. ఇప్పుడు మనసారా చెబుతున్నా, ముందు వైపు చూస్తే నాకు ఏమీ తోచడం లేదు. మీ అక్కకి రేపు పూర్తిగా నయమైనా నేను మాత్రం ఇటే వస్తా." ఆగి, గొంతు తగ్గించాడు. "ఆ పేరు మార్చకు. మారిస్తే చుట్టాలు ఎందుకని అడుగుతారు."

మరదలు మార్చలేదు. డాక్టరు అయిదారేళ్ళన్నాడట. అక్క ఇరవై ఆరేళ్ళు ఉంది, కనిపించిన ప్రతి వెనక గుమ్మమూ దాటి, ఏడేసి తాళ్ళ ఓడలు అల్లుతూ. ఆ తరవాత బావ కూడా ఎంతో కాలం ఉండలేదు. కొట్టు ఖాళీ చేసినప్పుడు కొలతల పుస్తకాలు ఒక మూటగా మరదలి ఇంటికి వచ్చాయి. ఇప్పుడు ఆమెకీ మోకాళ్ళు సహకరించడం లేదు. కుర్రకారుతో ఎక్కడికైనా వెళితే, "ముందేముందర్రా, వెనక్కి పదండి," అంటుంది. వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. చూసుకోనీ.

అప్పుడప్పుడు ఆ మూట విప్పుతుంది. ఎవరివో ఛాతీలు, ఎవరివో నడుములు, మధ్యలో పెన్సిలుతో రేవు పట్నం. ప్రతి ఏడూ ఒక రోజు ముందు వెళ్ళి బావ తీసుకున్న కొలతలు అవి. 'కస్టమ్స్: ముందు 26. వెనక 2. గుమాస్తా మంచివాడట, పీటలున్నాయట.' 'చిత్రశాల: ముందు 31. వెనక వాలు. లోపల వాలుకుర్చీ, కిటికీ పక్కన.' ఇలా పేజీలకి పేజీలు. అన్నీ చదివి కళ్ళు తుడుచుకోబోయేసరికి, ఎప్పుడూ ఆ మూడో ఏటి పేజీ వచ్చి ఆమెని నవ్వించేస్తుంది. ముందు రోజే రాసుకున్నాడు మహానుభావుడు:

'లైట్‌హౌసు: 142. బెంచీ ఉంది. గుండ్రం! వెనక లేదు. లైబ్రరీ అడిగి తీరుతుంది. మూడు ప్రదక్షిణలు చేసేలోపు ఏదో ఒకటి ఆలోచించాలి.'